సమన్వయ వైద్యవిద్యయు రోగి భాషయు

మన దేశమందలి వైద్య కళాశాలలలో 2019 ఆగస్టున చేరిన విద్యార్థులతో ఒక నూతన బోధనాపద్ధతి ఆరంభమైనది. 1997 నాటి నిబంధనల ననుసరించి సాగుచుండిన చదువును మార్చి, నాటి భారత వైద్యమండలి, సామర్థ్యములు ఆధారముగా గల పాఠ్యక్రమమును ప్రవేశపెట్టినది. 2020 సెప్టెంబరులో ఆ మండలి స్థానమున ఏర్పడిన జాతీయ వైద్య కమిషను దానినే కొనసాగించుచు వచ్చినది. ఇందలి ముఖ్యాంశములలో నొకటి సమన్వయము. ఈ మాట వినుట కెంత ఇంపుగా నున్నదో ఆచరణమున అంత కష్టముగా నున్నదని కళాశాలలతో సంబంధము గలవారు ఎరుగుదురు. మన పత్రికకు ఈ విషయముతో పని యేమని కొందరు పాఠకులు అడుగవచ్చును. పని కలదు. ఈ సమన్వయము ఏ కీలు మీద తిరుగవలెనో ఆ కీలు రోగి. మనము తరతరములుగా నివసించుచున్న ఊళ్ళలో ఆ రోగి మాటలాడునది పెక్కుమార్లు తెలుగు.

సమన్వయ మన నేమో మొదట తెలిసికొనవలెను. కామెర్ల రోగమును తీసికొందము. పాత పద్ధతిలో విద్యార్థి మొదటి ఏట శరీర నిర్మాణశాస్త్రపు తరగతిలో కాలేయపు ఆకృతిని, దాని రక్తనాళములను చదువును. శరీర ధర్మశాస్త్రమున పైత్యరసము ఊరు విధమును, జీవరసాయనమున బిలిరుబిన్ అను పసుపురంగు పదార్థము పుట్టు విధమును వేరువేరుగా చదువును. రెండవ దశలో సూక్ష్మజీవశాస్త్రపు ఆచార్యుడు కామెర్లు కలిగించు వైరసులను గూర్చియు, రోగ నిదానశాస్త్రపు ఆచార్యుడు చెడిన కాలేయమును గూర్చియు చెప్పుదురు. కలుషితమైన నీటివలన ఆ వైరసులలో కొన్ని వ్యాపించునను సంగతి సామాజిక వైద్యమున వచ్చును. కట్టకడపట, కన్నులు పచ్చబడిన మనిషి వార్డులో మంచముమీద కనబడును. అప్పటికి మొదటి ఏట చదివినది ఆవిరియైపోయి యుండును. సమన్వయ పద్ధతిలో ఆ రోగి మొదటనే వచ్చును. అతని చుట్టును ఈ శాస్త్రములన్నియు ఒక్క కాలమున చేరి, తమ తమ భాగమును చెప్పిపోవును. ఒక ఏటి శాస్త్రములు తమలో తాము కలిసికొనుట అడ్డపు సమన్వయము. మొదటి ఏటి చదువు తుదియేటి చదువుతో కలిసికొనుట నిలువు సమన్వయము.

పాత ఏర్పాటును నిందించుట మా ఉద్దేశము కాదు. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికాలోని వైద్యపాఠశాలలను పరిశీలించి వ్రాసిన నివేదికనుండి అది బలపడినది. రెండేండ్లు ప్రయోగశాలలో శాస్త్రములు, రెండేండ్లు ఆస్పత్రిలో శిక్షణ అను ఆ విభజన, డబ్బు తీసికొని పట్టా లిచ్చుచుండిన అంగడి పాఠశాలలు పెక్కింటిని మూయించినది. అది చేసిన మేలు గొప్పది. అయితే ఆ రెండు భాగముల నడుమ ఒక గోడ లేచినది. ఆ గోడను పడగొట్టుటకు 1952లో క్లీవ్‌లాండులోని వెస్టరన్ రిజర్వ్ విశ్వవిద్యాలయమువారు పూనుకొనిరి. బోధనాధికారమును శాఖలనుండి తీసి, పలుశాఖల వారు కలిసి కూర్చుండు సంఘముల కప్పగించిరి. మొదటి ఏటి విద్యార్థిని ఒక గర్భవతికి జోడించి, ఆమె కుటుంబమును కనిపెట్టుకొని యుండు మనిరి. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విద్యాలయము సమస్యను ముందుంచి చదువు చెప్పు పద్ధతి నారంభించినది. 2000లో హార్డెన్ అను విద్యావేత్త ఈ సమన్వయమును పదునొకండు మెట్ల నిచ్చెనగా చూపెను: అట్టడుగున ఏ శాస్త్రమున కా శాస్త్రము ఒంటరి; పైమెట్టున శాస్త్రముల పేళ్ళే ఉండవు. మనవారు పైమెట్టు నాశింపలేదు. వివిధ శాఖలు ఒకే అంశమును ఒకే కాలమున చెప్పుట ముఖ్యమనియు, నిజముగా కలిపి చెప్పునది మొత్తములో ఐదవ వంతునకు మించరాదనియు నిర్ణయించిరి. ఈ వినయము మాకు నచ్చినది. ఎముకల పేళ్ళు సరిగా రాని విద్యార్థికి ఎన్ని సమన్వయములు చేసినను ప్రయోజనము లేదని వాదించు శరీర నిర్మాణశాస్త్రపు ఆచార్యుల మాటలో నిజమున్నది.

కాగితముమీది సమన్వయము మనకు క్రొత్త కాదు. 1946 నాటి భోర్ సంఘము వైద్యుడు సంఘమును కూడ ఎరిగినవాడు కావలెనని చెప్పి, విద్యార్థులకు మూడునెలల సామాజిక వైద్యశిక్షణ కావలెనన్నది. 1977లో వైద్యకళాశాలలను గ్రామ ఆరోగ్యకేంద్రములతో ముడిపెట్టు పథక మారంభమైనది. 1997 నిబంధనలలో కూడ సమన్వయమను మాట ఉన్నది. అన్నియు మంచి మాటలే. కళాశాలల దినచర్యను మాత్రము అవి అంతగా మార్పజాలకపోయినవి. ఏల మార్పజాలకపోయినవో తెలిసికొనిననే గాని 2019 పద్ధతి గతి యేమగునో చెప్పలేము.

మొదటి చిక్కు శాఖల స్వభావము. వైద్యకళాశాలలో ప్రతిశాఖయు ఒక చిన్న జమీను. దానికి అధిపతి, గదులు, గంటలు, మ్యూజియము, పరీక్షకులు వేరువేరుగా నుందురు. కాలేయమును గూర్చి ఆరు శాఖలవారు ఒక్క బల్లచుట్టు కూర్చుండి, నీ వింత చెప్పుము, నే నింత చెప్పుదును అని పంచుకొనవలెనన్నచో, ఎవరి గంటలు తగ్గునో వారు ముఖము ముడుచుకొందురు. గంటలు తగ్గిన శాఖకు రేపు ఉద్యోగములు తగ్గునేమో యను భయము గూడ లోపల నుండును. ఇది మనుష్య స్వభావము. ఉత్తరువులతో పోవునది కాదు.

రెండవది వేళ. మొదటి ఏటి తరగతికి వైద్యశాఖ ఆచార్యుడు వచ్చి రోగిని చూపవలెనని పట్టికలో వ్రాయుట సులభము. ఆ పట్టికలోని ఉదయపు గంటకే ఆయన ఓ.పి. వాకిట జనము బారులు తీరి యుందురు. ఆ బారును విడిచి తరగతికి పొమ్మని ఆయనతో ఎవ్వరును చెప్పజాలరు, చెప్పరాదు కూడ. అధ్యాపకుల కొరత గల క్రొత్త కళాశాలలలో ఈ చిక్కు ఇంకను పెద్దది. 2014లో దేశమున 387గా నుండిన వైద్యకళాశాలలు పదేండ్లలో 700 దాటినవి. అప్పుడు 51 వేల పైచిలుకున్న సీట్లు లక్ష దాటినవి. చిన్న చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి చెప్పవలసిన ఈ పద్ధతి, ఒక్కొక్క తరగతిలో నూటయేబదిమంది, కొన్నిచోట్ల రెండువందల యేబదిమంది నిండిన కాలముననే వచ్చినది.

పరీక్ష అన్నిటికంటె మొండిది. తరగతిలో కాలేయమును కలిపి చెప్పినను, విశ్వవిద్యాలయపు ప్రశ్నపత్రము మాత్రము శరీర నిర్మాణశాస్త్రమునకు వేరు, శరీర ధర్మశాస్త్రమునకు వేరు, జీవరసాయనమునకు వేరు. విద్యార్థి తెలివిమాలినవాడు కాడు. ఏది అడుగుదురో అది చదువును. దానిపై పట్టభద్రానంతర ప్రవేశపరీక్ష యొకటి తలపై వ్రేలాడుచుండును. అందు గురుతు పెట్టవలసిన జవాబులే గాని రోగితో మాటలాడవలసిన పని లేదు. తుదిపరీక్షను, ప్రవేశపరీక్షను ఒకటిగా చేయు నెక్స్ట్ అను పరీక్ష 2019 నాటి చట్టములో చెప్పబడి, వాయిదాలు పడుచు వచ్చినది.

ఇక సంతకముల సంగతి. ప్రతి సామర్థ్యమును విద్యార్థి చేసి చూపగా అధ్యాపకుడు అతని దినచర్య పుస్తకమున సంతకము చేయవలెను. వందలకొలది సామర్థ్యములు, వందలకొలది విద్యార్థులు. పరీక్షకు ముందు వారమున సంతకముల తిరునాళ్ళు జరుగునని వినుచున్నాము. ఇందు ఆశ్చర్యపడవలసిన దేమున్నది? నిబంధనలు సయితము నిలకడగా లేవు. 2024 ఆగస్టు చివర వెలువడిన పాఠ్యక్రమపు మార్గదర్శకములు సెప్టెంబరు తొలినాళ్ళలోనే ఉపసంహరింపబడి, అదే నెలలో సవరణలతో మరల వెలువడినవి. వాటిలోని కొన్ని భాగములు ఆక్షేపణీయములగుటచే సవరించుట అవసరమే. కాని గోడ కట్టువానికి నూలుత్రాడు మాటిమాటికి మార్చిన గోడ తిన్నగా లేవదు.

వైద్యవిద్యా విషయమున ఈ చిక్కులను గూర్చి పండితులు విరివిగా వ్రాయుచున్నారు. వారంతగా వ్రాయని చిక్కు ఒకటి మనకు తెలియును.

క్రొత్త పద్ధతిలో విద్యార్థి మొదటి ఏటనే రోగిని చూడవలెను. పూర్వము రెండవ దశలో వార్డునకు పోవునప్పటికి అతడు ఆ ఊరిలో ఒకటి రెండేండ్లు కాపురముండి, టీ అంగడివద్దను బస్సులోను నాలుగు మాటలు పట్టుకొని యుండెడివాడు. ఇప్పుడు అట్లు కాదు. ప్రభుత్వ కళాశాలలలో నూటికి పదునైదు సీట్లు అఖిలభారత కోటాకు చెందుటచే, ఎక్కడివాడో ఎక్కడికో వచ్చును. ఢిల్లీలో పెరిగిన విద్యార్థి బరంపురము చేరి, కొలది నెలలలోనే ఒక మంచము ప్రక్క నిలువబడి, “మీకు ఏమి బాధ?” అని అడుగవలెను. మంచముమీది వృద్ధురాలు గంజాము జిల్లా తెలుగుది. ఆమె చెప్పు మాటలలోనుండియే అతడు కాలేయమును, గుండెను, మూత్రపిండమును వెదకికొనవలెను. సమన్వయము జరుగవలసిన చోటు అదియే. ఆ మాటలు అతని చెవిని పడియు అర్థము కాకపోయినచో, ఆరు శాస్త్రములు కలియుటకు వచ్చి వాకిట నిలిచిపోవును. అతడు కేసుషీటు చూచి వ్రాసికొని, తరగతికి మరలిపోవును.

రోగి మాట యనునది నిఘంటువులో చూచి తెలిసికొన దగినది కాదు. మన స్త్రీలు “కళ్ళు తిరుగుతున్నాయి” అందురు. తమిళమున, కన్నడమున, ఒడియాలో తిరుగునది తల. తెలుగున తలయు తిరుగును, కళ్ళును తిరుగును. మాటకు మాట తెలిసిన విద్యార్థి ఆమెను కంటివైద్యుని యొద్దకు పంపిననూ పంపవచ్చును. “కడుపు” అను ఒక్క మాట చూడుడు. కడుపు నొప్పి వేరు. కడుపుతో ఉండుట వేరు. “కడుపు పోయింది” అన్నచో గర్భస్రావము. ఋతుకాలమును “బయట ఉన్నాను” అని చెప్పు ఆడువారు పల్లెలలో ఇప్పటికిని కలరు. ఆమె బయట నున్నదా లోపల నున్నదా యని వైద్యవిద్యార్థి చూడబోయిన నవ్వులపాలగును. “నెమ్ము చేసింది” అన్నచో ఊపిరితిత్తుల వ్యాధిని తలపవలెను. “అమ్మవారు పోసింది” అన్నచో ఒంటిమీది పొక్కులను చూడవలెను. “వేడి చేసింది” అన్న మాట మూత్రమున మంటకు, నోటిపూతకు, సెగగడ్డకు, ఇంక నెన్నింటికో చెల్లును. దీనిని తమిళ, కన్నడ విద్యార్థులు తమ భాషలలోని నానుడినిబట్టి పోల్చుకొందురు. ఉత్తరాదివాడు జ్వరమని వ్రాసికొనును.

దుబాసి యున్నాడు కదా యందురు. దుబాసి యెవరు? సాధారణముగా వెంట వచ్చిన మనుమడు. బడిలో ఒడియాయో, కన్నడమో, మరాఠీయో చదువుకొని రెండు భాషలును వచ్చినవాడు. అవ్వ తన రహస్యమైన బాధను మనుమని నోట చెప్పింపదు. అతడు కూడ పది మాటలను రెండు మాటలు చేసి, “నొప్పి అంటోంది” అని ముగించును. ఎప్పటినుండి, ఎక్కడనుండి ఎక్కడికి ప్రాకుచున్నది, తిన్నతరువాత హెచ్చునా తగ్గునా అను ప్రశ్నలన్నియు ఆ ఒక్క మాటలో మునిగిపోవును. రోగనిర్ణయము తప్పిన దుఃఖము ఆ ఇంటిది. విద్యార్థికి కలిగిన నష్టము వాని చేతిలోనికి రాబోవు రోగులందరిది.

పాఠ్యక్రమము వ్రాసినవారికి ఈ విషయము తట్టలేదని మేమనము. 2019 నిబంధనలలో చేరిన తొలినెలను పునాదిశిక్షణకు కేటాయించి, అందలి 175 గంటలలో 40 గంటలు భాషకును కంప్యూటరు నేర్పునకును ఇచ్చిరి. స్థానిక భాష రానివారికి దానిని నేర్పవలెననిరి. నడవడి, నీతి, సంభాషణ అను మూడింటికి ప్రత్యేక పాఠములు ఏర్పరచి, రోగితో మాటలాడు తీరును పరీక్షించుమనిరి. ప్రతి విద్యార్థియు గ్రామమున కొన్ని కుటుంబములను చేపట్టి, ఏండ్ల తరబడి వారి ఆరోగ్యమును కనిపెట్టవలెనను ఏర్పాటు 2022లో వచ్చినది. వెస్టరన్ రిజర్వు వారి గర్భవతి కుటుంబపు ఆలోచనకు ఇది దూరపు చుట్టము. ఇవన్నియు సద్బుద్ధితో చేసినవే. తరువాతి సంవత్సరములలో ఆ పునాదినెల కుదింపబడినది. కుదించిన చోట మొదట నలిగిపోవునది భాషయే యని వేరుగ చెప్పనక్కరలేదు.

మా ప్రశ్న “స్థానిక” అను మాటను గూర్చి. రాజధానిలో దాని యర్థము రాష్ట్రభాష. బళ్ళారిలో కన్నడము, బరంపురమున ఒడియా, షోలాపురమున మరాఠీ, కృష్ణగిరిలో తమిళము. ఇది అన్యాయమని మేమనము. రాష్ట్రభాష ప్రతి వైద్యవిద్యార్థికి రావలెను. అక్కడ చదువు మన తెలుగు పిల్లలకు ముందుగా రావలెను. కాని ఆస్పత్రి దృష్టిలో స్థానిక భాష యన మంచముమీద వినబడు భాష. 1962లో వెలసిన బరంపురపు వైద్యకళాశాలకు గంజాము, గజపతి జిల్లాల తెలుగువారు వచ్చుచున్నారు. 2017లో వెలసిన కొరాపుట్టు కళాశాల చుట్టును తెలుగువారు మాత్రమే గాక, ఒడియాయు తెలుగును ఇంటిభాష కాని కోందు మొదలగు గిరిజనులు గలరు. 2022 జనవరిలో ఆరంభమైన కృష్ణగిరి కళాశాల హోసూరు తెలుగువారి జిల్లాలో నున్నది. షోలాపురపు మగ్గముల ఇండ్లలో తెలుగు నేటికిని బ్రతికియున్నది. యానాముది మరియొక తీరు. అచ్చటి జనము కాకినాడ పోయినచో మాటకు కొరత లేదు. 2024 ఫిబ్రవరిలో యానాములోనే జిప్మెరు సంస్థవారి 90 పడకల విభాగము ప్రారంభమైనది. పుదుచ్చేరినుండి అచ్చటికి వచ్చు వైద్యులకు తెలుగు ఎంత వచ్చునన్నది ఇకమీద చూడవలసిన విషయము.

ఒక మాట మనలో మనము చెప్పుకొనవలెను. ఈ కోరిక కోరువారము, ఇదే న్యాయమును ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోని కళాశాలలకు గూడ వర్తింపజేయుమని కోరకపోయినచో మన నోటికి విలువ యుండదు. ఆదిలాబాదు ఆస్పత్రికి వచ్చు గోండులకు తెలుగు రాష్ట్రభాషయే గాని ఇంటిభాష కాదు. శ్రీకాకుళపు కొండలలోని సవరలకును అట్లే. చిత్తూరు సరిహద్దున తమిళులు, అనంతపురపు సరిహద్దున కన్నడిగులు గలరు. వారి మాట మన పిల్లలు నేర్చుకొనవలెను.

1956 నాటి కేంద్రప్రభుత్వపు భాషాల్పసంఖ్యాక రక్షణలను చూపి, జిల్లాలో నూటికి ఇంతమంది ఉన్నాము గనుక ఇది మా హక్కు అని వాదింపవచ్చును. అట్టి విజ్ఞాపనలు మన సంఘము ఎన్నో వ్రాసినది. వాటికి చోటు వేరు. ఈ విషయమున హక్కు మాట యెత్తక, పనికి వచ్చు సాయముతో కళాశాలల వాకిట నిలుచుట మేలని మా యభిప్రాయము. అధ్యాపకుల కొరతతో సతమతమగు కళాశాలకు మరియొక ఉత్తరువు తెప్పించిపెట్టుట వలన ఫలితముండదు. కళాశాలల పాఠ్యక్రమ సంఘముల వారు ఒప్పుకొన్నచో మనము చేయగల పనులు కొన్ని గలవు.

పునాదిశిక్షణలో భాషకు మిగిలిన గంటలలో కొన్నింటిని, రాష్ట్రభాష ఇదివరకే వచ్చిన విద్యార్థుల విషయమున, తెలుగునకు ఇచ్చునట్లు అడుగవలెను. వారికి కన్నడమో ఒడియాయో రెండవమారు నేర్పుటకంటె ఇది మేలు. బోధించుటకు పండితులు వలదు. రోగి మాటలు తెలిసిన వృద్ధులు, విశ్రాంతి తీసికొనుచున్న నర్సులు, ఆస్పత్రి నౌకరులు చాలుదురు. వ్యాకరణము చెప్పబోయిరా, విద్యార్థులు రెండవనాడు రారు. గ్రామకుటుంబములను పంచునప్పుడు తెలుగు ఇండ్లున్న వీధికి తెలుగు వచ్చిన విద్యార్థిని, రానివానిని జతగా పంపుమని కోరవలెను. జతలోని రెండవవాడు ఆ ఏండ్లలో నేర్చుకొనినంత ఏ తరగతిలోను నేర్చుకొనడు. సంభాషణ పరీక్షలో రోగి పాత్ర వహించుటకు మన సభ్యులు ముందుకు రావచ్చును. తెలుగున బాధ చెప్పుకొను రోగి ఎదుట విద్యార్థి ఏమి చేయునో, మర్యాదతో దుబాసిని పిలిపించునో, విసుగుకొనునో, పరీక్షకులు చూచుట మంచిది.

వీటికంటె ముందు కావలసినది రోగి మాటల పట్టిక. పెద్ద గ్రంథ మక్కరలేదు. తెల్లకోటు జేబులో పట్టు చిన్న పుస్తకము చాలును. ఒకప్రక్క తెలుగు మాట ఆయా రాష్ట్రపు లిపిలోను, రెండవప్రక్క దాని యర్థము, దానివెంట అడుగవలసిన రెండు మూడు ప్రశ్నలును ఉండవలెను. ఏ మాటయు వైద్యుడు సరిచూడక అచ్చున కెక్కరాదు. తప్పు పట్టిక లేనిపట్టికకంటె అపాయము. సభ్యులు తమ ఇండ్లలోను వీధులలోను పెద్దలు బాధ చెప్పుకొనునప్పుడు వాడు మాటలను వ్రాసి మా కార్యాలయమునకు పంపగోరుచున్నాము. పుస్తకభాషలోనికి దిద్ది పంపవలదు. అవ్వ ఎట్లన్నదో అట్లే వ్రాయవలెను. మాటతో పాటు ఊరిపేరు తప్పక యుండవలెను. బరంపురమున ఒక యర్థమున చెల్లు మాట హోసూరులో వేరొక యర్థమున చెల్లవచ్చును, షోలాపురమున అసలు లేకపోవచ్చును. స్త్రీల బాధలకు సంబంధించిన మాటలను స్త్రీలే సేకరించి వేరు కవరులో పంపుట మంచిది.